ఉల్లిపాయలకు లొంగని ఆవిడ

మొన్న ఈ మంచు దేశంలో, మా గ్వెల్ఫ్ ఊళ్ళో ఆవిడ అంత్యక్రియలకు వచ్చినవాళ్ళలో సగం మంది ఆవిడ చేతి వంట తిన్నవాళ్ళు. మిగతా సగం ఆవిడ చేతి వంట తిని, రెండోసారి వడ్డించుకోలేదని బుకాయించేవాళ్ళు. కుర్చీలు చాలక కుర్రాళ్ళు గోడల వెంట నిలబడ్డారు. మొదటి వరసలో ఆవిడ మేనకోడలు శ్రావ్య కూర్చుంది. నా వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. గుసగుస అని వాళ్ళనుకున్నారు గానీ పార్కింగ్ లాట్ దాకా వినపడింది.

"చూశావా, ఆ పిల్ల కంట్లో తడి లేదు."

"కన్నతల్లిలా చూసుకుంది కదండీ ఆ మేనత్త! ఏం గుండె అండీ అది?"

"మేనత్త పోలికే. వాళ్ళాయన పోయినప్పుడు ఆవిడ మాత్రం? బొమ్మలా కూర్చుంది."

నేను వెనక్కి తిరిగి చెప్పబోయాను. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "మీరు చెబితే ఎవరు నమ్ముతారు?" అంది. అదీ నిజమే. మిల్టన్ స్టేషన్లో ఒకసారి నన్ను ఎక్కించుకోవడానికి రైలు వెనక్కొచ్చిందని చెప్పినవాణ్ణి. గ్వెల్ఫ్ నుంచి కనాటా దాకా తెలుగువాళ్ళు నా మాటను పదో వంతుకు తగ్గించుకుని వింటారు. అందుకే ఈ సంగతి కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద అబద్ధాలాడటం నాకింకా పట్టుబడలేదు.

ఆవిడ ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. భర్త ఇంజినీరుగా చేసి, రిటైరైన ఏడాదికే పోయారు. పిల్లల్లేరు. ఆయన పోయాక ఇంట్లో చప్పుడు లేదని బేస్‌మెంట్ ఇద్దరు స్టూడెంట్లకు ఇచ్చింది. శనివారం మధ్యాహ్నం వాళ్ళను పైకి పిలిచి భోజనం పెట్టింది. తరవాతి శనివారం వాళ్ళు ఇంకో ఇద్దరిని తెచ్చారు. అవి విమానం విమానానికీ మన పిల్లలు దిగుతున్న రోజులు. ఊళ్ళో ప్రతి బేస్‌మెంటూ నిండిపోయింది. కాలేజీ బస్సులో డ్రైవరు కూడా "జరుగు బాబూ, జరుగు" అనడం నేర్చుకున్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి శనివారం ఆవిడింట్లో నలభై మంది భోజనం. గుమ్మంలో మంచు బూట్లు గుట్ట పడేవి. వెళ్ళేటప్పుడు ఎవరి కాలికి ఏది దొరికితే అది. ఒక వరంగల్ కుర్రాడు రెండు ఎడమ బూట్లు వేసుకుని వెళ్ళి, చలికాలమంతా ఎక్కడికి బయల్దేరినా ఎడమ పక్కకే తేలాడు.

ఆవిడ నేత చీర మీద భర్తగారి స్వెట్టరు, కాళ్ళకు ఆయనవే ఉన్ని సాక్సులు వేసుకుని తిరిగేది. చేతిలో ఎప్పుడూ స్టీలు గ్లాసు, అందులో వేణ్ణీళ్ళు. వడ్డన మొదలైనప్పటినుంచీ ఆవిడ నోట ఒకటే మాట: "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటా."

మన ఇళ్ళల్లో వండిన మనిషి ఆఖర్న తినడం ఎంత మామూలంటే, ఆ ఆఖరు అసలు వచ్చిందో లేదో ఎవరూ చూడరు. ఏడేళ్ళు పక్క వీధి పెళ్ళిళ్ళలో, సీమంతాల్లో, సత్యనారాయణ వ్రతాల్లో ఆవిణ్ణి చూశాను. ఒక్కసారి కూడా ముద్ద నోట్లో పెట్టుకోగా చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా నాకు ఏడేళ్ళకు తట్టింది.

తట్టాక ఊరుకుంటానా? ఒక శనివారం కుర్రాళ్ళు అడిగారు. "అంకుల్, ఆంటీ ఎప్పుడు తింటారు?" నేను గొంతు తగ్గించి చెప్పాను. "ఆవిడకు మొక్కుందిరా. పెళ్ళైన కొత్తలో మొక్కుకుంది. వెయ్యిమంది చదువుకునే పిల్లలు తన చేతి అన్నం తినేదాకా నలుగురి ముందూ ఎంగిలిపడనని. మీ తలలు లెక్కపెట్టుకుంటోంది." వాళ్ళు గుడ్లప్పగించి విన్నారు. రెండు వారాల్లో ఆ మొక్కు పక్క ఊరు కిచెనర్ దాకా పాకింది. కొత్తగా వచ్చిన పిల్లలు ఆవిడ కాళ్ళకు దండం పెట్టి, "నేను నాలుగువందల పన్నెండో వాణ్ణి ఆంటీ" అని చెప్పుకోవడం మొదలెట్టారు.

ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. తిడుతుందనుకున్నాను.

"మొక్కు ఏ దేవుడికయ్యా?" అంది.

"అది ఇంకా ఆలోచించలేదు అక్కయ్యగారూ."

"వెంకటేశ్వరస్వామి అని చెప్పు. ఆయనైతే ఎవరూ మళ్ళీ అడగరు."

అంత తేలిగ్గా నా అబద్ధం ఆవిడకు ఎందుకు సరిపోయిందో అప్పుడు నేను ఆలోచించి ఉండాల్సింది. నా కథకు దేవుడు దొరికాడన్న సంబరంలో పడిపోయాను.

ఒక్కసారి మాత్రం దొరికిపోయింది. వంటింటి పక్కన బట్టలుతికే గది ఉంది. అందరూ తిని చేతులు కడుక్కున్నాక ఆవిడ కంచంలో పులుసన్నం కలుపుకుని ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. వెంటనే డ్రైయర్ తిరుగుతున్న చప్పుడు వచ్చేది. నేను టీ కోసం గిన్నె వెతుక్కుంటూ పొరపాటున ఆ తలుపు తోశాను. డ్రైయర్ ఖాళీగా తిరుగుతోంది. దాని మీద కంచం, గ్లాసు. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, మునివేళ్ళ మీద లేచి, మడమల మీద ధన్‌మని దిగుతోంది. మళ్ళీ లేస్తోంది, మళ్ళీ దిగుతోంది. పెదాలు కదులుతున్నాయి: "దిగు తల్లీ... దిగమ్మా దిగు..."

నన్ను చూసి చేతులు దించింది. ఒక గుక్క వేణ్ణీళ్ళు తాగింది.

"గచ్చు చల్లగా ఉందయ్యా. కాళ్ళు వేడి చేసుకుంటున్నా."

"మరి డ్రైయరెందుకు అక్కయ్యగారూ?"

"అదీ చల్లగానే ఉంది." అని తలుపు వేసేసింది.

ఇక ఉల్లిపాయలు. ప్రతి శుక్రవారం సాయంత్రం పది కిలోల సంచీ విప్పేవాళ్ళం. తరగడానికి వచ్చిన కుర్రాళ్ళు మంచులో స్కీయింగ్ చేసేవాళ్ళ కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చునేవారు. ఒకడు సైకిల్ హెల్మెట్ కూడా పెట్టుకొచ్చాడు. "ఏరా, ఉల్లిపాయలకా, యుద్ధానికా?" అనేది ఆవిడ. ఆ గదిలో కన్నీరు కార్చని ప్రాణి ఆవిడొక్కతే. కత్తి మీద చూపు నిలిపి టకటకా తరుగుతూ పోయేది. మధ్యలో రెప్పలు గట్టిగా నాలుగుసార్లు ఆర్పేది, ఇసక పడ్డట్టు. కళ్ళెప్పుడూ కాస్త ఎర్రగా ఉండేవి. తడి మాత్రం ఉండేది కాదు.

భర్తగారు పోయిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఆవిడ గొంతు ఏడ్చింది. భుజాలు ఏడ్చాయి. కళ్ళే ఏడవలేదు. మన జనం చూసేది కళ్ళనే కదా. మూడో రోజుకల్లా ఊరంతా ఒకటే మాట. ఆవిడ చెవిన కూడా పడింది. పదో రోజున అందరికీ దగ్గరుండి కొసరి కొసరి వడ్డించింది.

అలాంటి ఇంటికి జనవరిలో శ్రావ్య వచ్చింది. ఆవిడ తమ్ముడి కూతురు. ఇరవై రెండేళ్ళు. కిచెనర్ వైపు కాలేజీలో సీటు, బేస్‌మెంట్లో మిగతా ఇద్దరమ్మాయిలతో గది, వారానికి మూడు రోజులు కాఫీ షాపులో పని. గలగలా మాట్లాడేది. వచ్చిన నాలుగో రోజునే నా రైలు కథ విని, "అంకుల్, ఆ రైలు వెనక్కొచ్చినప్పుడు వెనక ఇంకో రైలు లేదా?" అని అడిగింది. పాతికేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. నాకు తెగ నచ్చింది.

మార్చి వచ్చేసరికి ఆ పిల్ల జాకెట్టు తగిలించిన హ్యాంగర్‌లా తయారైంది. తలా ఒకటి చెప్పారు. ఇంటి మీద బెంగ అన్నారు. చలి పడలేదన్నారు. ఫోన్లో డైటింగ్ వీడియోలు చూస్తోందన్నారు. క్లినిక్‌కు వెళితే గ్యాస్ మాత్రలిచ్చారు. శనివారం పంక్తిలో కూర్చోమంటే ఆ పిల్ల కూడా అదే మాట: "మీరు తినండి, నేను అత్తతో తర్వాత తింటా." ఎంత పద్ధతైన పిల్ల అని మా ఆవిడ మెచ్చుకుంది. నేను మెచ్చుకుని ఊరుకోక, "మొక్కు పంచుకుంటున్నారు, చెరో అయిదువందల మంది" అని అంటించాను.

ఒక శుక్రవారం అత్తా మేనకోడలూ పక్కపక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. నేను ఎదురుగా కూర్చుని కళ్ళూ ముక్కూ తుడుచుకుంటున్నాను. తుడుచుకున్న కళ్ళతో చూస్తే వాళ్ళిద్దరి కళ్ళూ పొడిగా ఉన్నాయి. ఇద్దరూ ఒకేలా గట్టిగా నాలుగుసార్లు రెప్పలార్పారు. నాకింకేం కావాలి! కథ దొరికింది.

మర్నాడు భోజనానికి మిల్టన్ నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు. నలభై ఏళ్ళు జనం పొట్టల్లోకి గొట్టాలు దింపి రిటైరైన పెద్దాయన. ఆవిడ గుత్తివంకాయ గురించి నేను చెప్పిన గొప్పలు భరించలేక, అందులో పదో వంతయినా ఉంటుందేమోనని వచ్చారు. వడ్డన జోరుగా సాగుతుండగా నేను అందుకున్నాను.

"డాక్టరుగారూ, వీళ్ళది ఉల్లిపాయలకు లొంగని వంశం. వీళ్ళింట్లో బిడ్డ పుడితే బిడ్డ ఏడవదు, మంత్రసాని ఏడుస్తుంది. అత్తా కోడలూ నిన్న పది కిలోలు తరిగారు. చుక్క కారితే ఒట్టు. చివరికి ఉల్లిపాయలే ఏడ్చాయి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

"ఏమోయ్, ఇందులో నిజమెంత?"

"చివరి మాట తప్ప అంతా."

"నాతో ఆటలొద్దు."

"ఆట కాదండీ. నా కళ్ళతో చూశాను, ఏడుస్తూ."

ఆయన శ్రావ్యను పిలిచారు. పప్పు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"చిన్నప్పుడు పడితే ఏడ్చేదానివా అమ్మా?"

"ఏడ్చేదాన్ని అంకుల్. నీళ్ళొచ్చేవి కాదు. దొంగేడుపు అని మా అమ్మ ఇంకోటి వేసేది."

"అన్నం తినేటప్పుడు మధ్యలో నీళ్ళు తాగకుండా నాలుగు ముద్దలు తినగలవా?"

ఆ పిల్ల వాళ్ళ అత్త వైపు చూసింది. అత్త చేతిలో గరిటె గిన్నెలో పెట్టి, బట్టల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. క్షణం తర్వాత డ్రైయర్ తిరగడం మొదలైంది. లోపలికి కంచం కూడా తీసుకెళ్ళలేదు.

కుర్రాళ్ళంతా వెళ్ళాక డాక్టరుగారు బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పారు. మింగే గొట్టం అడుగున, పొట్టలోకి దిగే చోట, ఒక కండరం ఉంటుందట. ముద్ద రాగానే వదులై దారివ్వాలి. కొందరికి అది వదులవ్వదు. ముద్దలన్నీ పైనే నిలబడిపోతాయి. నీళ్ళ బరువుతోనో, ఎగిరి దూకడంతోనో కిందికి తోసుకోవాలి.

"ఇది ఇంట్లోంచి వస్తుందా అంకుల్?" అంది శ్రావ్య. "మా అమ్మకీ నాన్నకీ లేదే."

"మామూలుగా రాదమ్మా. నేను చూసినవాళ్ళలో దాదాపు అందరిదీ ఇంటికి ఒక్కరే. అన్నకుంటే తమ్ముడికి లేదు. కానీ ఎక్కడో అరుదుగా ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. దానికి కన్నీళ్ళు లేకపోవడం తోడైతే అది వేరే రకం. మీ అమ్మా నాన్నా చుట్టాలా?"

"మా అమ్మకు నాన్న సొంత మేనమామ."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "తల్లిలో ఒక లోపం, తండ్రిలో అదే లోపం దాక్కుని ఉండొచ్చు. వాళ్ళకేమీ కాదు. రెండూ కలిసి బిడ్డకు చేరితే బయటపడుతుంది. అయిన సంబంధాల్లో ఆ రెండూ కలవడం తేలిక. ఇప్పుడు నా భయం గొంతు గురించి కాదు. మూత్రపిండాల మీద టోపీలాగా ఒక గ్రంథి ఉంటుంది. ఈ రకంలో అదీ మందగిస్తుంది. అలాంటివాళ్ళకు మామూలు జ్వరమొచ్చినా ప్రాణం మీదికొస్తుంది. నేను రిటైరైనవాణ్ణి, పరీక్షలు రాయలేను. చీటీ రాసిస్తా, మీ డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఇంకొకరికి కూడా ఉందని చెబితేనే వాళ్ళు ఆ దారిన వెతుకుతారు. లేకపోతే గొంతు ఒక్కటే చూసి వదిలేస్తారు." ఆ మాట శ్రావ్యతో అంటూనే ఆవిడ వైపు చూశారు.

ఆవిడ అప్పటికి గదిలోంచి బయటికొచ్చి గోడకానుకుని నిలబడింది.

"ఇంకొకరెవరూ లేరండీ. నాది మొక్కు. ఊరంతా తెలుసు. కావాలంటే ఇతన్నడగండి."

వేలు నా వైపు చూపించింది. నా జన్మలో అంత ఇరుకులో పడలేదు.

"అక్కయ్యగారూ, అది నేను అల్లిన..."

"వెంకటేశ్వరస్వామి మొక్కు," అంది ఆవిడ. "దేవుడితో పరాచికాలాడకు."

చీటీ మాత్రం తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది. ఆ తరవాతి వారమంతా నేను కనపడ్డ కుర్రాడికల్లా మొక్కు అబద్ధమని చెప్పి చూశాను. "మీరు సూపర్ అంకుల్" అని నవ్వి వెళ్ళిపోయారు. నేను మొదటిసారి చెప్పిన నిజం వాళ్ళకు నా కొత్త కథలా కనిపించింది.

డాక్టరుగారు వచ్చి వెళ్ళిన మర్నాడే ఊరినుంచి ఆవిడ తమ్ముడి ఫోను. శ్రావ్య తండ్రి. ఆవిడ పచ్చడి నూరుతూ స్పీకర్లో పెట్టింది. నేను గిన్నెలు సర్దుతున్నాను.

"అక్కా, అమ్మాయి ఏదేదో చెబుతోంది. ఏలూరు సంబంధం దాదాపు ఖాయమైంది. మింగలేదు, ఏడవలేదు అని కాగితాల మీదికెక్కితే ఇంక దాన్నెవరు చేసుకుంటారు? వాతావరణం పడలేదని చెప్పి విమానం ఎక్కించెయ్. చదువు లేకపోతే పోయింది. మన చిన్నక్క సంగతి మనం ఎవరికైనా చెప్పామా?"

ఆవిడ చెయ్యి ఆగింది.

"లేదురా. చెప్పలేదు." అని ఫోను పెట్టేసింది. చిన్నక్క ఎవరని అడగబోయాను. ఆవిడ మొహం చూసి అడగలేదు.

రెండు వారాలు తిరక్కుండానే, ఒక గురువారం మధ్యాహ్నం, నేను ఫ్యాక్టరీలో షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి సాక్సులు విప్పుతున్నాను. ఫోను.

"కారు తియ్యవయ్యా." అంతే అంది.

శ్రావ్యకు కాఫీ షాపులో ఎవరిదో జ్వరం అంటుకుంది. నిన్న మామూలు జ్వరం. ఇవాళ లేచి కూర్చోలేకపోతోంది. నీళ్ళు తాగించినా బయటికొస్తున్నాయి. పిలిస్తే ఎక్కడినుంచో పలుకుతోంది. వెనక సీట్లో అత్త ఒడిలో తల పెట్టి పడుకోబెట్టాను. నేను మామూలుగా కారు నడుపుతూ కథలు చెబుతాను. ఆ రోజు చెప్పింది ఆవిడ.

"మేం ముగ్గురక్కచెల్లెళ్ళం. మా చిన్నక్కకు పదమూడేళ్ళు. అదీ ఇలాగే ఎగిరి ఎగిరి తినేది. దాన్ని చూసే నేను నేర్చుకున్నా. రెండ్రోజుల జ్వరం. మూడోరోజు పొద్దున లేవలేదు. గాలి సోకిందన్నారు. అప్పట్నించీ మా అమ్మ నాకు ఒకటే చెప్పింది. నలుగురిలో తినకు, అడిగితే తర్వాత తింటానను, నీ బతుకు సాఫీగా గడిచిపోతుంది అని. పెళ్ళిచూపుల్లో వాళ్ళు మైసూర్‌పాక్ ముక్క నోట్లో పెడితే గంటసేపు దవడలో దాచుకుని కూర్చున్నా. ఎంత తక్కువ మాట్లాడుతుందో పిల్ల అని మెచ్చుకుని ఖాయం చేసుకున్నారు." శ్రావ్య నుదురు తడిమి చూసింది. "ఎంతలో చేరతాం?"

"పది నిమిషాలు అక్కయ్యగారూ."

"అయిదులో చేర్చు. రైళ్ళను వెనక్కి తిప్పినవాడివి."

ఎమర్జెన్సీలో నర్సు వయసులో చిన్నది. గబగబా అడుగుతూ రాసుకుంటోంది. అలర్జీలున్నాయా? మందులేమన్నా వాడుతుందా? ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బుందా?

"నో," అంది శ్రావ్య, కళ్ళు మూసుకునే. ఒంట్లో ఓపిక లేదు గానీ నేర్పిన మాట మాత్రం వచ్చేసింది.

ఆవిడ ఇంగ్లీషును పండగ చీరలా దాచుకునేది. ఇన్నేళ్ళ పరిచయంలో ఆవిడ ఇంగ్లీషు మాట్లాడగా నేను విన్నది నాలుగైదు సార్లు. అప్పుడు తీసింది.

"యస్," అంది గట్టిగా. "యస్. మీ. ఫుడ్ నాట్ గోయింగ్ డౌన్. టియర్స్ నో. మై సిస్టర్ ఆల్సో. ఫీవర్. టూ డేస్. డెడ్."

పర్సు తెరిచి నాలుగు మడతల చీటీ తీసి బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. నర్సు చదివింది. రాయడం ఆపి లేచి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత అక్కడ ఎవరూ నడవలేదు, అందరూ పరిగెత్తారు. రక్తం తీశారు, సెలైన్ పెట్టారు, ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. ఆవిడ మంచం పక్కన నిలబడే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

కొన్ని గంటలకు శ్రావ్య కళ్ళు తెరిచి, "అత్తా, ఆకలేస్తోంది" అంది.

ఆవిడ నా వైపు తిరిగింది. మొహమంతా ఏడుస్తోంది. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. ఆ రోజు నాకు చూడటం వచ్చింది.

ఆ తర్వాతవన్నీ ఆసుపత్రి కబుర్లు. ఇద్దరికీ తెల్లటి ద్రవం తాగించి ఎక్స్‌రేలు తీశారు. నెలల తరబడి అపాయింట్‌మెంట్లు, జీన్ టెస్టులు. డాక్టరుగారి అనుమానమే నిజమైంది. శ్రావ్యకు గ్రంథి బాగా మందగించింది. రోజూ మాత్రలు, చేతికి జబ్బు పేరు రాసిన కడియం. ఆవిడకు గ్రంథి ఇంకా ఓపిక పట్టింది. ఇద్దరికీ ఆ మొండి కండరాన్ని కోసి వదులు చేశారు. ఏలూరు సంబంధం చెదిరిపోయింది. తమ్ముడు ఏడు నెలలు అక్కతో మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు ఆయనే ఫోన్ చేశాడు. ఆవిడ స్పీకర్లో పెట్టింది.

"అక్కా... మా చిన్నాడికి కూడా కళ్ళు పొడిగా ఉంటున్నాయే. ఇక్కడ ఏం టెస్టు చేయించాలో కాస్త రాసి పంపుతావా?"

"పంపుతా," అంది. కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపమని నాకిచ్చింది. జబ్బు పేరు కింద, గుండ్రటి అక్షరాలతో: 'మన ఇంట్లో ఉంది. దాచొద్దు.'

కళ్ళ డాక్టరు ఇద్దరికీ చుక్కల మందు రాశాడు. కన్నీళ్ళకు బదులు అవి. ఆవిడ మొదటిసారి వేసుకున్నప్పుడు నేనూ ఉన్నాను. తల వెనక్కి వాల్చి రెండు కళ్ళలో వేసుకుంది. కాస్త ఎక్కువై చెంప మీదికి జారింది. వేలితో తీసి చూసుకుంది.

"ఇవి మా ఆయన పోయినప్పుడు ఉండుంటేనా," అంది, "ఆ మూడో రోజు మాటలు పడేదాన్ని కాదు. చూసుకోండర్రా అని ధారలు కట్టించేదాన్ని." శ్రావ్య నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆపరేషన్ అయ్యాక మొదటి శనివారం నలభై మందీ వరసగా కూర్చున్నారు. వడ్డించబోతే ఆవిడ ఆపింది. కుర్చీ లాక్కుని బల్ల మొదట్లో కూర్చుంది. కంచం పెట్టుకుంది. పప్పు, గుత్తివంకాయ, పైన నెయ్యి. పక్కన గ్లాసు లేదు. వేడన్నం ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. ఎగరలేదు. అది దిగినట్టుంది. దిగిన చోటికి చూస్తున్నట్టు ఒక్క క్షణం కదలకుండా ఉంది.

"మొక్కు తీరిపోయిందా ఆంటీ?" అన్నాడు ఒకడు. "వెయ్యి అయ్యారా?"

"అయ్యారు," అంది రెండో ముద్ద కలుపుతూ. "మీరు తర్వాత తిందురు గాని. ఆగండి."

నలభై మందీ ఆగారు. ఆవిడ తీరిగ్గా మూడుసార్లు వడ్డించుకుంది. తన వంటను అంతకాలానికి మొదటిసారి వేడిగా తిన్నది. "వంకాయలో ఉప్పు తక్కువేనర్రా, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?" అని కసిరింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆవిడ ప్రతి పంక్తిలోనూ మొదట కూర్చుంది. పెళ్ళివారు విస్తుపోయేవారు. ముసలితనంలో మర్యాద మర్చిపోయిందని అనుకునేవారు. ఆవిడ పట్టించుకోలేదు. పోయిన శుక్రవారం ఉల్లిపాయల సంచీ విప్పి, కత్తి వెతుకుతూ గుండె ఆగి వెళ్ళిపోయింది. గొంతుకూ దానికీ సంబంధం లేదని డాక్టరుగారు అన్నారు.

అంత్యక్రియల హాల్లో నేను వెనకవాళ్ళకు ఏమీ చెప్పలేదు. ఇవతల నడవాలోకి వస్తే శ్రావ్య కిటికీ దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. ఇప్పుడు ఆ పిల్లకు ఉద్యోగం, ఇక్కడి వీసా, గుండ్రటి బుగ్గలూ వచ్చాయి. నన్ను చూసి, "వాళ్ళ మాటలు నాకూ వినపడ్డాయి అంకుల్" అంది.

"నేను చెబుతానమ్మా వాళ్ళకి."

"మీరు చెబితే నమ్మరు."

హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చిన్న సీసా తీసింది. పూటకు కంటికో చుక్క అని దాని మీద రాసుంది. తల వెనక్కి వాల్చింది. ఒకటి, రెండు, మూడు... ఆ తర్వాత నేను లెక్కపెట్టలేదు. సీసా సగమైంది. నీళ్ళు రెండు చెంపల మీదుగా జారి, గడ్డం దగ్గర కలిసి, తెల్ల చున్నీ మీద పడ్డాయి. తుడుచుకోలేదు. భుజాలు అప్పటికే వణుకుతున్నాయి. అవి చుక్కల వల్ల కాదు.

"పదండి అంకుల్," అంది. "మా అత్తకోసం ధారలు కట్టించాను. వెళ్ళి వాళ్ళ ఎదురుగా కూర్చుందాం."